తీసేశారు

చిట్టి నడిపే దుకాణంలో కొత్త బట్టలు కుట్టరు. బిగుతైనవి వదులు చెయ్యడం, వదులైనవి బిగించడం, పొడుగైనవి మడవడం, అంతే. పొద్దస్తమానం పాత కుట్లు తియ్యడమే పని.

ఆ మధ్యాహ్నం పంతులమ్మగారు కోటు పట్టుకొచ్చారు. రిటైరై పదేళ్ళయినా ఆవిడకి పాఠం చెప్పే అలవాటు పోలేదు.

"చేతులు పొడుగమ్మాయ్. నేను కోటు తొడుక్కున్నట్టు లేదు, అదే నన్ను తొడుక్కుంది. అయినా నీది కుట్టే కొట్టా, తీసే కొట్టా?"

"తియ్యడం చేతనైనవాళ్ళకే కుట్టడం వస్తుందండీ."

"ఓహో! తలుపు తీస్తాం, కునుకు తీస్తాం, తీరికుంటే పక్కింటివాళ్ళ పరువూ తీస్తాం. ఈ ఒక్క ముక్కతో ఇంటిల్లిపాదీ బతికెయ్యొచ్చు."

చిట్టి నవ్వింది. నవ్వి తొమ్మిది రోజులయింది. అక్క ఆస్పత్రిలో ఉంది. గొంతులో పైపు, పక్కన ఊపిరి అందించే మిషను. మూడేళ్ళ కిందట, అమ్మ పోయాక ఆవిడ కుట్టుమిషను ఎవరికి దక్కాలన్న దగ్గర అక్కతో మాటా మాటా పెరిగి, "నువ్వు చచ్చినా నీ గడప తొక్కను" అనేసింది చిట్టి. అన్నట్టే తొక్కలేదు. ఇప్పుడు రోజూ ఆ మంచం పక్కన నిలబడి వస్తోంది. ఆ మాట వెనక్కి తీసుకోవాలి. మత్తులో ఉన్న మనిషికి చెబితే గోడకి చెప్పినట్టే. అక్క కళ్ళు తెరవాలి, వినాలి, కుదిరితే నాలుగు తిట్టాలి. "తనంతట తాను ఊపిరి తీసుకుంటే పైపు తీసేస్తాం" అని మొన్న డాక్టరు అన్నాడు. ఆ మాట పట్టుకునే ఉంది.

ఫోను మోగింది. బావ.

"చిట్టీ... పైపు తీసేశారమ్మా. వచ్చెయ్." మాట మధ్యలో వెక్కాడు. అంతే, పెట్టేశాడు.

చిట్టి లేచింది, మళ్ళీ కూలబడింది. "మా అక్కకి పైపు తీసేశారండీ! పాపం బావ, సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడు."

పంతులమ్మగారి మొహంలో నవ్వు ఆగిపోయింది. "ఎందుకు తీశారో అడిగావా అమ్మా?"

"బాగుంటేనేగా తీస్తారు!"

ఆవిడ కోటు మడిచి చంకలో పెట్టుకున్నారు. "దీనికేం తొందర లేదు. నువ్వు ముందు బయల్దేరు తల్లీ."

"ఐదు నిమిషాలండీ."

ఐదు కాదు, ముప్పావుగంట. బావ తెచ్చిచ్చిన అక్క గౌను బల్లమీద ఉంది. మనిషి సగమైపోయింది కదా, ఇంటికొచ్చేటప్పుడు వేలాడకూడదని పక్కల కుట్లు తీసి రెండంగుళాలు లోపలికి పట్టింది. నిజానికి గౌను ఒక వంక. ఎదురుపడి మొదట ఏమనాలో తెలీక కాళ్ళు కదల్లేదు. కుడుతూ లోలోపలే అనుకుని చూసుకుంది. 'నోరు జారానే అక్కా.' దానికి అక్క ఏమంటుందో కూడా తనే అనుకుంది: 'ముందు ఆ నోటికి వేసుకోవే కుట్లు!' ఫక్కున నవ్వొచ్చింది.

ఆస్పత్రి గదిలో మిషను చప్పుడు లేదు. అక్క నోటి చుట్టూ టేపు పీకిన చోట చర్మం ఎర్రగా ఉంది. మొహం మాత్రం తేటగా, ఎప్పటి అక్కలాగే ఉంది.

"నిద్రపోతోందా?" గుసగుసగా అడిగింది చిట్టి.

బావ ఆమెవంక చూసి తల దించుకున్నాడు. అప్పుడు అర్థమైంది.

"ఊపిరితిత్తులు పూర్తిగా పోయాయన్నారమ్మా. ఎన్నాళ్ళుంచినా బాధేనన్నారు. నేనే తీసెయ్యమన్నాను. నీకు చెప్దామనే ఫోన్ చేశాను, ఇంకో మాట పెగల్లేదు." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "తీశాక అరగంట ఉంది. ఒక్కసారి కళ్ళు తెరిచింది. తలుపువైపు చూసినట్టే అనిపించింది. ఏమో, ఉత్త అనిపించడమేనేమో."

చిట్టి చెవి దగ్గరికి వంగింది. "నేను ఆ మాట అనలేదనుకోవే," అంది. ఇంకోసారి అంది. అక్క చెవి ఇంకా వెచ్చగానే ఉంది.

"బస్సు దొరకలేదా చిట్టీ?" వెనకనుంచి అడిగాడు బావ. నిష్ఠూరం కాదు, ఊరికే అడిగాడు.

గౌనున్న సంచిని చిట్టి మంచం కిందికి కాలితో నెట్టింది.

"దొరకలేదు బావా. చాలాసేపు నిలబడ్డాను."

"అయ్యో, ఎండలోనా?" అంటూ నీళ్ళసీసా మూత తీసి ఆమె చేతికిచ్చాడు.