మేనమామ ఇచ్చిన మాత్రలు

సీమోను కూతురికి మూలకణాల (స్టెమ్ సెల్స్) మార్పిడి చేయాలి. పిల్ల పేగుల్లో మేలుచేసే బ్యాక్టీరియా రకాలు బాగా తగ్గిపోయాయని, ఇలాగే ఉంటే మార్పిడయ్యాక ప్రమాదమని డాక్టరు చెప్పాడు. యాంటీబయాటిక్స్ ఎక్కువైతే అవి చచ్చిపోతాయని, ఇప్పటిదాకా వాడినవాటి పేర్లన్నీ రాసుకు రమ్మన్నాడు.

సీమోను నేరుగా నందివెలుగులోని బావమరిది కిషోర్ మందుల షాపుకెళ్లాడు.

"పిల్ల తుమ్మితే చాలు, డాక్టరు చీటీ లేకుండా మాత్రలిచ్చావు. వాటి పేర్లు రాసివ్వు."

"మేనకోడలని ఊరికే ఇచ్చాను బావా."

"అదే మా ఖర్మరా. డబ్బులడిగుంటే కొన్నన్నా మింగేది కాదు."

"రాసిస్తే నా షాపు మూయిస్తారు."

"రాయకపోతే నా పిల్ల పోద్ది."

సీమోను స్టూలు లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. మందులకొచ్చినవాళ్లు రోడ్డు మీదే ఆగిపోయారు. కిషోర్ కాసేపు గుర్రుగా చూసి, పెన్ను తీశాడు. ఒక కాగితం చాల్లేదు.