పెద్దమ్మ పక్కన ఎవరు?

కొత్త సంవత్సరం మొదటి రోజున లెక్కల టీచరు ఇంట్లో ఫోను మోగడం మొదలైతే ఇక వంట సాగినట్టే. ఆమెతో కలిపి, సంగీతమంటే చెవి కోసుకునే స్నేహితులు ఏడెనిమిది మంది. కచేరీ ఎక్కడ జరిగినా ముందు వరసలో కూర్చుంటారు. కొందరు కాస్తోకూస్తో పాడతారు, వాయిస్తారు. ఆ రోజు ఒకరికొకరు ఫోను చేసి, ముందు ఓ పాట ముక్క వినిపించి, ఆ తర్వాతే శుభాకాంక్షలు చెప్పుకుంటారు. సాయంత్రం అందరూ టీచరు ఇంట్లో చేరతారు. వెంట్రుకవాసి అపస్వరం పలికినా ఆమె పట్టేస్తుందని ఆమెకు 'శ్రుతిపెట్టె' అని పేరు పెట్టారు.

ఆ ఏడాది ఆమె నిద్ర లేచేసరికి ఎడమ చెవి దిబ్బడ వేసినట్టుంది. లోపల ఎక్కడో సన్నగా హోరు. ముందురోజు తలస్నానంలో నీళ్లు పోయాయేమో అనుకుని, రెండుసార్లు తల ఓ పక్కకి వంచి దులుపుకుని పనిలో పడింది.

మొదటి ఫోను రిజిస్ట్రారు ఆఫీసు గుమస్తాది. పని ఎంత ఉన్నా రోజూ వేణువు సాధన మానని మనిషి. టీచరు ఫోను ఎడమ చెవికి ఆనించుకుని విన్నది. రెండో వరస కూడా పూర్తి కాకుండానే నవ్వేసింది.

"ఏమండీ, మీ వేణువుకి జలుబు చేసిందా? శ్రుతి మొత్తం కిందికి జారిపోయింది."



"అలాగా అండీ... నాకు తెలీలేదు," అన్నాడాయన. శుభాకాంక్షలు చెప్పడం మరిచిపోయి ఫోను పెట్టేశాడు.

నొచ్చుకున్నాడేమో అనుకుంటుండగానే మళ్లీ మోగింది. ఈసారి పెద్దమ్మ. వయసులో పెద్దది కావడంతో అందరికీ ఆమె పెద్దమ్మే. ఒంటరిగా ఉంటుంది. గొంతు మాత్రం ఇంకా వణకలేదు. టీచరు చేతిలో కత్తి, ముందర తరగాల్సిన కూరలు. అందుకని ఫోను స్పీకరులో పెట్టి గట్టు మీద ఉంచింది.

పెద్దమ్మ పాట ఎత్తుకుంది. ఆమె వెంట ఇంకొకరు కూడా ఎత్తుకున్నారు. అదే గొంతు, అదే మాట, కానీ కొంచెం కింద, నీడలాగా అంటుకుని. పెద్దమ్మ ఆగితే అదీ ఆగుతోంది. ఊపిరి తీస్తే అదీ తీస్తోంది.

"పెద్దమ్మా, మీ పక్కన పాడుతున్నదెవరు?"

"నా పక్కనా? ఎవరూ లేరమ్మా."

"ఉన్నారు. మీతో పాటే పాడుతున్నారు. ఇప్పుడు కూడా, మీరు మాట్లాడుతుంటే వాళ్లూ మాట్లాడుతున్నారు."

"ఒక్కదాన్నే ఉన్నానే తల్లీ!" ఆ రెండు గొంతులూ ఒకేసారి వణికాయి. ఫోను ఆగిపోయింది.

టీచరు కత్తి కింద పెట్టింది. స్నానాల గదిలోకి వెళ్లి గడియ వేసుకుని తనే సన్నగా కూనిరాగం తీసింది. ఆ గదిలోనూ ఇద్దరున్నారు. కుడి చెవి వేలితో మూసింది. మిగిలిన చప్పుడు రేకుడబ్బాలో గులకరాయి దొర్లినట్టుంది. ఎడమ చెవి మూసింది. ఒక్కటే గొంతు, తనది, శుభ్రంగా. మళ్లీ వేలు తీసింది. రెండోది తిరిగొచ్చింది.

అప్పుడు గుమస్తా గుర్తొచ్చాడు. ఆయన ఫోను తను విన్నది ఎడమ చెవితో. ఆయన వేణువుకి ఏమీ కాలేదు!

 బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. చిన్నప్పుడు వాళ్లింట్లో ఉండే మేనత్త కళ్ల ముందు మెదిలింది. చెవులు పోయాక ఆవిడ ఎవరేమన్నా నవ్వేది. చావు కబురు చెప్పినా నవ్వింది. పిల్లలంతా చాటుగా ఆ నవ్వుని అనుకరించేవాళ్లు, టీచరు కూడా. ఇవాళ ఒక చెవి. రేపు రెండోది కూడా పోతే? తను క్లాసులో నిలబడి నవ్వుతూ ఉంటే, పిల్లలు వెనక బెంచీలో...

ఎవరికీ చెప్పకూడదనుకుంది. చెబితే నిజమైపోతుందని భయం. నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుంది. ముఖం కడుక్కుని బయటికొచ్చి, వంటింటి గట్టు మీది ఫోను ఆపేసింది.

హాల్లో ఆడపడుచు రాత్రి డ్యూటీ దిగి యూనిఫాంలోనే కాళ్లు చాపుకుని ఉంది. ఆస్పత్రిలో నర్సు. ఆమె అన్నయ్య, అంటే టీచరు భర్త, సెలవు రోజైనా బస్సు డిపోకి పోయాడు. ఆయనకీ సంగీతానికీ ఆమడ దూరం.

"వదినా, మూడుసార్లు పిలిచాను. ఏమైంది, మొహం అలా పాలిపోయింది?"

"ఏం లేదు. నిద్ర చాల్లేదు."

అంతలో ఎవరో తలుపు దబదబ బాదారు. ఆడపడుచు పోయి తీసింది. గుమ్మంలో పెద్దమ్మ. కాళ్లకి రెండు రకాల చెప్పులు, చంకలో సంచీ. ట్యాక్సీ చేసుకుని వచ్చేసింది.

"ఇంట్లో ఉండలేకపోయాను తల్లీ," అంటూ టీచరు చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. "నా పక్కన ఎవరో ఉన్నారన్నావు. నీ చెవి ఎప్పుడైనా తప్పిందా? మంచం కింద చూశాను, బీరువాలో చూశాను. ఎక్కడా ఎవరూ లేరు. ఎవరూ కనబడకపోయేసరికి ఇంకా భయమేసింది. పోయినవాళ్లెవరైనా నన్ను తీసుకుపోడానికి వచ్చారా? నిజం చెప్పు, ఆడగొంతా, మగగొంతా?"

టీచరు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామని నోరు తెరిచింది. గజగజ వణుకుతున్న ఆ ముసలామెను చూస్తే అబద్ధం నోట రాలేదు.

"మీ పక్కన ఎవరూ లేరు పెద్దమ్మా. నా చెవిలోనే ఉన్నారు." అని, అక్కడే చతికిలబడి ఏడ్చేసింది.

ఆడపడుచు గబుక్కున లేచింది. "ఎప్పటినుంచి? నొప్పుందా? తల తిరుగుతోందా?" అన్నీ అడిగి చెప్పులేసుకుంది. "పద."

"సాయంత్రం అందరూ వస్తారే. రేపు వెళ్దాం."

"రేపూ లేదు, ఎల్లుండీ లేదు. ఇలాంటి చెవులతో నెల తర్వాత వచ్చినవాళ్లని చూశాను వదినా. అప్పుడు డాక్టరు చేసేదేమీ ఉండదు."

ఆ మాట విన్నాక టీచరు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేకపోయింది. పెద్దమ్మ తానూ వస్తానంది. ఒక్కతే ఇంటికి పోవడానికి ఆమెకింకా ధైర్యం చాలలేదు.

సెలవు రోజు కావడంతో ఆస్పత్రి వరండా బోసిగా ఉంది. ఆడపడుచు తనకు తెలిసిన చెవి డాక్టరమ్మకి ఫోను చేసి పిలిపించింది. డాక్టరమ్మ చెవిలోకి లైటు వేసి చూసి, శ్రుతి పలికే ఓ ఇనప పంగలకడ్డీని, ట్యూనింగ్ ఫోర్కుని, మోగించి టీచరు నుదుటి మీద ఆనించింది.

"ఎటు వినిపిస్తోంది?"

"కుడి వైపుకే పోతోందండీ."

డాక్టరమ్మ మొహంలో నవ్వు తగ్గింది. "గుబిలి అయితే మోత ఎడమ వైపుకే పోయేది, బాగుండేది. ఇది లోపలి నరానిది. ఎందుకొస్తుందో చాలాసార్లు తెలీదు. మందులు ఇవాళే మొదలుపెడదాం."

"మళ్లీ వస్తుందా?"

"కొందరికి పూర్తిగా వస్తుంది, కొందరికి కొంత. కొందరికి రాదు. మీరు త్వరగా వచ్చారు. నేను చెప్పగలిగింది అంతే."

వరండాలోకి రాగానే టీచరు గుమస్తాకి ఫోను చేసింది, కుడి చెవి దగ్గర పెట్టుకుని. సంగతంతా చెప్పింది. 

"పొద్దున్నుంచి వేణువు పెట్టెలో పెట్టేశానండీ," అన్నాడాయన. "నాకే చెవి పోయిందనుకున్నాను. మా ఆవిడని వినమంటే బాగానే ఉందంది. దానికేం తెలుసని కసిరాను." "మీకిలా అయ్యిందని వింటూ, నాకు కాలేదని ఊపిరి పీల్చుకున్నాను. క్షమించండి."

"నేనైనా అలాగే పీల్చుకునేదాన్ని," అంది టీచరు.

తర్వాతి వారాలు ఆమెకు ఎలా గడిచాయో ఆమెకే తెలుసు. పొద్దున్నే కళ్లు తెరవకుండా గొంతులో ఓ స్వరం పట్టి చూసుకునేది. ఇద్దరు. మర్నాడూ ఇద్దరే. భర్త ఏం చెయ్యాలో తోచక, డిపో నుంచి వచ్చి ఎప్పుడూ ఆమెకు కుడి వైపునే కూర్చునేవాడు. నెల తిరిగేసరికి రెండో గొంతు మొదటిదాని దగ్గరికి జరిగింది. పైస్థాయిలో మాత్రం కలవలేదు. ఇక కలవకపోవచ్చని డాక్టరమ్మ చెప్పేసింది. రెండో చెవి మాటేమిటని అడిగితే, సాధారణంగా ఏం కాదంది. ఆ 'సాధారణంగా' టీచరుకు రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వలేదు.

వాయిదా పడ్డ శుభాకాంక్షలు చలి తగ్గాక ఓ సాయంత్రం టీచరు ఇంట్లో చేరి చెప్పుకున్నారు. గుమస్తా వేణువు ఎత్తి, అలవాటుగా టీచరు వైపు చూశాడు.

"నన్ను చూడకండి. శ్రుతి సంగతి పెద్దమ్మని అడగండి," అంది.

పెద్దమ్మ సరేనని తల ఊపింది. గుమస్తా మొదలుపెట్టాడు. పాట పైకి పోతున్న కొద్దీ టీచరు ఒళ్లంతా బిగుసుకుంది. స్వరం రెండుగా చీలే చోటు దగ్గర పడుతోంది. వేలు ఎడమ చెవి దాకా వెళ్లింది. మూయకుండా దించి, కుడి పక్కన కూర్చున్న భర్త మోచెయ్యి గట్టిగా పట్టుకుని, చివరిదాకా విన్నది.