హాజరుపట్టీకి అందని పువ్వు

మా మనవరాలు మొక్కల ఆఫీసులో పనిచేస్తుంది. ఎండబెట్టిన మొక్కల్ని అట్టల మీద కుట్టి, కింద పేరు రాయడం దాని ఉద్యోగం. మొక్కలకి ఆఫీసేమిటని మొదట్లో నవ్వాను గానీ, బీరువాల నిండా ఆ అట్టలు చూశాక నోరు మూసుకున్నాను.

ఆ బుధవారం సాయంత్రం అది కంచం ముందు కూర్చుని కెలుకుతోందే గానీ ముద్ద ఎత్తడం లేదు. ఏమైందే అంటే చెప్పుకొచ్చింది. ఊరి బయట ఒక ఇసుక నేల ఉంది. ఏడాదంతా మాడిపోయి ఉంటుంది. నాలుగు చినుకులు పడితే బొటనవేలంత మొక్కలు లేచి, పూసి, నెల తిరక్కుండా ఎండిపోతాయి. దాని మీద కంకర పోసి లారీలు నిలబెడతారట. అక్కడ అరుదైన మొక్కేదీ లేదని వీళ్ల ఆఫీసు శుక్రవారం రాసిస్తే చాలట.

"ఒక పసుప్పచ్చ పువ్వుంది అమ్మమ్మా. అచ్చం అలాంటిదే ఇంకోటి ప్రతి గట్టు మీదా ఉంటుంది. అదే ఇదైతే బాధ లేదు. కాకపోతే మాత్రం, ఇది ఇక్కడ తప్ప ఇంకెక్కడా మిగల్లేదు."

"తేడా ఎలా తెలుస్తుంది?"

"అరుదైనదానికి రేకుల మొదట్లో ఎర్ర చుక్కలుంటాయి. చూద్దామంటే విచ్చుకుంటేగా! మూడు రోజులుగా వెళ్తున్నా, అన్నీ ముడుచుకునే ఉన్నాయి. సూదితో విప్పితే తడి కాగితంలా చిరిగిపోతున్నాయి. పెద్దసారేమో మామూలుదని రాసెయ్ అంటున్నారు."

"ఎన్నింటికి వెళ్తున్నారు?"

"హాజరుపట్టీలో సంతకాలయ్యాకే జీపు తీస్తారు. చేరేసరికి పదకొండు."

నాకు నవ్వాగలేదు. "వాళ్లు తలుపులేసుకున్నాక వెళ్లి మొహం చూపించమంటే ఎలాగే పిల్లా?"

చిన్నప్పుడు మా అమ్మ మేకలు కాసేది. చీకటి విడకముందే నన్ను లేపి తీసుకెళ్లేది. లేవనంటే మొహాన నీళ్లు కొట్టేది. ఇలాంటి ఇసుకలోనే నన్ను బోర్లా పడుకోబెట్టి ఆ పువ్వులు చూపించేది. లేత ఎండకి విచ్చుకుని, మేకలు కడుపు నింపుకునేలోపే ముడుచుకునేవి. చుక్కలు మాత్రం నాకు గుర్తులేవు. అబద్ధమెందుకు?

"మీ సారుకి ఫోన్ కలుపు" అన్నాను.

"అమ్మో, తెల్లారకుండా రమ్మని నేను చెప్పలేను!"

దానిచేతే కలిపించి ఫోన్ నేనే అందుకున్నాను. "అయ్యా, రేపొక్కరోజు సూర్యుడికంటే ముందు లేవండి."

"మీరెవరండీ?"

"మీ దగ్గర పనిచేసే పిల్లకి అమ్మమ్మని. మేకలు కాసినదాన్ని."

ఆ పువ్వులు లేత ఎండకే విచ్చుకుని ముడుచుకుంటాయని చెప్పాను. "సరే, వస్తాను" అన్నాడు.

మర్నాడు చీకటి విడకముందే ఆ ఇసుక నేలకి చెవులకి మఫ్లరు చుట్టుకుని, చేదుమందు తాగినవాడిలా మొహం పెట్టుకుని వచ్చాడు. పువ్వులన్నీ ముడుచుకునే ఉన్నాయి. ఆయన గడియారం చూసుకోవడం, మనవరాలు నన్ను చూడడం.

"ఏమండీ, ఇవి లేవవా?"

"తొందరేమిటి నాయనా, వాటికి మీరు జీతమిస్తున్నారా?"

పైకి అలా అన్నాను గానీ లోపల నాకూ భయమే. నా మాట నమ్మి పిల్ల నలుగురిలో నవ్వులపాలవుతుందేమో! అంతలో ఎండ నేలమీదకి పాకింది. ఒక మొగ్గ సడలింది. దాని పక్కది. మనవరాలు బోర్లా పడుకుంది. భూతద్దంతో ఒక్కో రేకూ చూస్తోంది.

"అయిదు" అంది చివరికి. "రేకుకొకటి. అయిదు చుక్కలమ్మమ్మా!"

పెద్దసారు ఇస్త్రీ చొక్కాతోనే దాని పక్కన పడుకుని కంటికి భూతద్దం పెట్టుకున్నాడు. లేచేసరికి మీసాల నిండా ఇసుక. "ఈ నేలకి పన్నెండేళ్లుగా వస్తున్నానండీ" అన్నాడు, తప్పు చేసినవాడిలా. జీపు బానెట్టు మీదే కాగితం పెట్టి, ఇక్కడ కంకర పోయకూడదని రాశాడు. కింద మనవరాలి చేత సంతకం పెట్టించి, తర్వాత తను పెట్టాడు.

"మీ మేలు మర్చిపోనమ్మా" అన్నాడు నాతో.

నాదేముంది? పొద్దున్నే నిద్ర చెడగొడుతోందని నేను రోజూ విసుక్కున్న మా అమ్మది ఆ మేలు. బతికుండగా ఆమెకొక మంచిమాట చెప్పలేదు. అక్కడే ఇసుకలో కూలబడి, కళ్లు మూసుకుని చెప్పుకున్నాను. మనవరాలు నా భుజానికి తల ఆనించింది. ఎండ ముదిరి పువ్వులు ఒక్కొక్కటే ముడుచుకునేదాకా మేం లేవలేదు.