తాడేపల్లి ట్రైనింగు

"ఏమే, ఇవాళ నీ శిష్యురాలు నీకు పాఠం చెబుతుందంటగా!"

స్టీలు క్యారేజీ మూత బిగిస్తున్న బిందుమాధవి చెయ్యి ఆగింది. వీరాంజనేయులు చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వుతున్నాడు. అతను గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తా. తన క్యారేజీ ముందు కట్టించుకుని, ఆ తర్వాతే నవ్వు మొదలుపెట్టాడు. ఏడాదిగా ఇదే పాట. "తాడేపల్లికి ఆ నాజియాని పంపారు, నిన్నెందుకు పిలవలేదో! దానికి నోరుంది. నీకేముంది, నడుంనొప్పి తప్ప?"

ఆ నడుంనొప్పి ఎక్కడినుంచి వచ్చిందో అతను ఏనాడూ అడగలేదు. పొద్దున్నే నీళ్ళు పట్టి, అత్తకు వేణ్ణీళ్ళు కాచి, వంట చేసి, బస్సెక్కి, మిరపకాయల కంపెనీలో ఆడకూలీల మీద సూపర్‌వైజరుగా రోజంతా నిలబడి, ఇంటికొచ్చి మళ్ళీ గిన్నెల ముందు కూర్చుంటుంది. జీతం వచ్చే పని ఒక్కటే. మిగతావన్నీ, ఇంట్లోవాళ్ళ లెక్కలో, ఆమె ఖాళీగా ఉన్నప్పుడు చేసేవి.

బస్సులో సీటు దొరికినా సుఖం లేకపోయింది. తొడిమ ఎలా తుంచాలో, తెల్లబారిన తాలుకాయ ఎలా ఏరాలో నాజియాకు నేర్పింది తను. ఆ పిల్ల తాడేపల్లిలో వారం రోజుల ట్రైనింగుకు వెళ్ళి, మెడలో కార్డు వేసుకుని ట్రైనరై వచ్చింది. ఏడాదిపాటు కొత్త కూలీలకు నేర్పింది. ఇవాళ సూపర్‌వైజర్లకే క్లాసు చెబుతుంది. చేతులు మండే పని కాదు, ఫ్యాను కింద పని. ఈమధ్య పెదవులకు రంగు కూడా వేస్తోంది. ఆ రంగు ఆ పిల్లకు నప్పడం బిందుమాధవి అస్సలు ఓర్చుకోలేకపోతోంది.

గోడౌను పక్క గదిలో అందరినీ కూర్చోబెట్టారు. నాజియా గొంతు సవరించుకుంది.

"పని నేర్పడమంటే ముందు మనం చేసి చూపాలి, తర్వాత వాళ్ళచేత చేయించాలి. తప్పు చేస్తే పక్కకి పిలిచి చెప్పాలి. నేను చేరిన కొత్తలో ఒక అక్క నా తట్ట అందరి ముందూ బోర్లించింది. కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా అంది. ఏరడం వచ్చిందనుకోండి. కానీ ఆ రోజు అన్నం సహించలేదు."

పేరు చెప్పలేదు. అయినా అందరూ బిందుమాధవి వైపే చూశారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆమెకు చెవులు భగ్గుమన్నాయి. తట్ట బోర్లించడం తనెక్కడ నేర్చుకుంది? పెళ్ళయిన కొత్తలో పప్పులో ఉప్పెక్కువైతే, చుట్టాల ముందు అత్త ఆ గిన్నెడు పప్పూ ఆమె కంచంలో కుమ్మరించింది. "తిను, తెలుస్తుంది" అంది. వీరాంజనేయులు మజ్జిగ పోసుకుంటూ ఊరుకున్నాడు. ఆమెకు వంట వచ్చింది. నేర్పడమంటే అదే అనుకుంది. ఇన్నేళ్ళూ అలాగే నేర్పింది. ఇవాళ అది తప్పని తెలిసింది. తెలియజెప్పింది నాజియా కావడంతో కడుపు ఇంకా రగిలింది.

మధ్యాహ్నం మేనేజరు ప్రసన్నకుమార్ ఆమెను తన గదికి పిలిచాడు. "నాజియాని ట్రైనరుగా పర్మనెంటు చెయ్యాలా, మళ్ళీ తట్టల దగ్గరికి పంపాలా? సీనియరు మీరు. మీరెలా అంటే అలా."

"వద్దు సార్. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దాచిన్నా లేదు ఆ పిల్లకి."

అనేశాక నోరు తీపెక్కింది.

ప్రసన్నకుమార్ నిట్టూర్చాడు. "మీరే వెళ్ళాల్సింది. పోయినేడు ముందు మిమ్మల్నే అడిగాం. వద్దన్నారు."

"నన్నెవరడిగారు సార్?"

"ఫోన్ చేశాంగా. మీ వారు ఎత్తారు. మా ఆవిడకి ఇష్టం లేదండీ, ఊరుగాని ఊళ్ళో ఉండలేదు, తనే చెప్పమంది అన్నారు. ఆ తర్వాతే నాజియాకి చేశాం."

కంపెనీలో చేరేటప్పుడు ఆమెకు ఫోను లేదు. మొగుడి నంబరే ఇచ్చింది. తర్వాత ఫోను కొనుక్కున్నా, ఆ నంబరు మార్పించాలని తట్టలేదు. అక్కడ సగంమంది ఆడవాళ్ళ నంబర్లు మొగుళ్ళవే. అది ఎవరికీ వింతగా కనిపించలేదు.

వద్దన్న నోటితోనే వీరాంజనేయులు ఏడాదిపాటు అడిగాడు, నిన్నెందుకు పిలవలేదో అని. అన్నం పెట్టించుకుంటూ అడిగాడు. ఆమె నాజియా మీద పళ్ళు నూరుకుంటూ అతనికి వడ్డించింది.

బిందుమాధవి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు.

"నాజియా గురించి ఇందాక అన్నది అబద్ధం సార్. బాగా చెప్పింది."

ఆ మాట బలవంతాన బయటికొచ్చింది. నాజియా మీద కుళ్ళు పోలేదు. ఆ కార్డూ, ఆ ఫ్యానూ, ఆ పెదవి రంగూ ఇప్పుడు ఇంకా గట్టిగా కావాలనిపిస్తున్నాయి.

"ఆ ట్రైనింగు మళ్ళీ ఎప్పుడు సార్?"

"వచ్చే నెల."

"నా పేరు పెట్టండి."

ప్రసన్నకుమార్ మంచివాడే. అలవాటు కొద్దీ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "ఆయన్ని ఒక్కమాట అడిగి..."

"ఆయన వెళ్ళేదానికి ఆయన్నడగండి సార్. దీనికి వెళ్ళేది నేను. మీ ఎదురుగానే కూర్చున్నాను."