రెండో వైపు గొంతు

రుఖయ్యా హార్మోనియం పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో జహీరాబాద్ వచ్చింది. పక్కవాళ్లు మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడ్డారు. కింద పెట్టమని ఒకరిద్దరు గొణిగినా ఆమె వినిపించుకోలేదు. ఏభై ఎనిమిదేళ్ల మనిషి, కీళ్ల నొప్పులు, పైన మండే ఎండ. అయినా ఇవాళ కాకపోతే ఇక ఎప్పటికీ కాదు.

ముందు రోజు మేనల్లుడు షకీల్ ఫోన్ చేసి సంబరంగా చెప్పాడు. వాళ్ల అబ్బా, అంటే రుఖయ్యా అన్న అక్రం చేసిన కవ్వాలీ కచేరీ పాత క్యాసెట్టును మైక్ సెట్ల ప్రవీణ దగ్గర శుభ్రం చేయిస్తున్నాడట. శుక్రవారం అక్రం వర్ధంతి. ఆ రోజు యూట్యూబులో పెడతాడట. "రెండో వైపు పాట ఉన్నది సూడు ఫుప్పూ, అబ్బా గొంతుకు జనం పాగలైపోతరు" అన్నాడు. అక్కడే మేనత్తకు ఒళ్లు మండింది.

రెండో వైపు పాడింది అక్రం కాదు. ఆమె.

ముప్పై ఆరేళ్ల కిందట చిరాగ్‌పల్లిలో పెళ్లి తర్వాత పెళ్లికొడుకు వాళ్లిచ్చే వలీమా విందు. భోజనాలయ్యాక కచేరీ. రెండు పాటలకే అక్రం గొంతు బొంగురుపోయింది, మూడో పాటకు అసలు పెగల్లేదు. నిండు సభలో అన్న పరువు పోతుందని, పరదా వెనక ఆడవాళ్లలో కూర్చున్న చెల్లెలు అక్కడి నుంచే పాట అందుకుంది. అక్రం హార్మోనియం వాయిస్తూ ఉండిపోయాడు. ఇవతలి మగవాళ్లు చప్పట్లు ఆపితే ఒట్టు. బృందం వాళ్ల టేప్ రికార్డరు అంతా పట్టుకుంది: మొదటి వైపు అన్న పాటలు, రెండో వైపు చెల్లెలి పాట.

వారం తిరక్కుండానే కాపీలు కావాలని జనం వచ్చిపడ్డారు. పెళ్లి కావలసిన చెల్లెలి గొంతు పాన్ డబ్బాల్లో మోగితే ఎట్లా? అక్రం బుర్ర పాడుపనికి చురుగ్గా పనిచేసింది. టేప్ డెక్కు వెనక మోటారు వేగం మార్చే చిన్న స్క్రూ ఉంటుంది. రెండో వైపు కాపీ తీసేటప్పుడు దాన్ని తిప్పుకుంటూ పోయాడు. పాట నెమ్మదించింది, గొంతు లావెక్కింది. డెక్కు కదలకుండా పట్టుకున్నది రుఖయ్యాయే. "ఇప్పుడు చెప్పు, ఎవరు?" అన్నాడు అన్న. "నువ్వే భాయ్" అంది ఇరవై రెండేళ్ల పిల్ల, నవ్వుతూ. ఆ నవ్వు నవ్వినందుకు ఆమె తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ప్రవీణ దుకాణం నిండా విప్పిన ఆంప్లిఫయర్లే. ఆమె రుఖయ్యాకు కుర్చీ వేసి, కంప్యూటరు ముందు కూర్చుంది.

"మంచిగొచ్చినవ్ ఖాలా. క్యాసెట్ల గరగర అంత తీసిన గని, రెండో వైపు జర మందంగ ఉన్నది. టేప్ పాతవడ్డది గద."

"టేప్ తప్పేం లేదు బిడ్డా. కాపీ తీసేటప్పుడు మా భాయ్ కావాలని మెల్లగ చేసిండు. రెండు వైపులా వాయించింది గిదే పెట్టె, గిదే మెట్టు. కలిపి సూడు."

రుఖయ్యా తిత్తి కదిలిస్తూ మూడో నల్ల మెట్టు నొక్కిపట్టింది. మొదటి వైపు హార్మోనియం ఆ స్వరంతో అచ్చంగా కలిసింది. రెండో వైపుది ఎక్కడో దిగువన మూలుగుతోంది. ప్రవీణ వేగం కొద్దికొద్దిగా పెంచసాగింది. మగగొంతు పలచబడింది, చప్పట్లు చురుకయ్యాయి, రెండు స్వరాలూ ఒకటయ్యాయి. స్పీకర్లలోంచి ఒక ఆడపిల్ల ఖంగున పాడింది. రుఖయ్యాకు కళ్లు నిండిపోయాయి. ఎంత బాగా పాడాను, అనుకుంది సిగ్గూ బిడియం లేకుండా.

క్యాసెట్టు కోసం వచ్చిన షకీల్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇదెవరు?"

"నేనే" అంది రుఖయ్యా, వలీమా నుంచి స్క్రూ దాకా ఉన్నదంతా చెప్పింది.

షకీల్ గుమ్మం దాటి లోపలికొచ్చాడు. ఆమె ఎదురుగా నిలబడి అన్నాడు: "నిజమే అనుకో ఫుప్పూ. గిప్పుడెందుకిదంత? అబ్బా నీ మంచికే చేసిండు. నీ పెళ్లి కోసం."

"పెళ్లా?" రుఖయ్యా గొంతు లేచింది. "మీ ఫుప్పా బొంబాయి రోడ్డు మీద లారీ నడిపిండు. గీ పాట పెట్టనిది బండి తియ్యకపోయేటోడు. ఇంటికొచ్చి నాకే చెప్పేటోడు, మీ అన్న గొంతు అల్లా ఇచ్చిన గొంతు అని. నేను రొట్టెలు చేసుకుంట అవునవును అనేదాన్ని. ముప్పై ఏండ్లు నాతోని కాపురం చేసి, ఆ గొంతు నాదని ఎరుక లేకుండనే పోయిండు. గిది ఎవరి మంచికి రా?"

"అబ్బాను దొంగంటరు ఫుప్పూ!"

"నేనంటున్ననా? ఆ దినం గొంతు పోయిందని చెప్పు. గొంతు పోవుడు తప్పు గాదు. మీ అబ్బా ఇజ్జత్ నేను కాపాడిన. గిప్పుడు నాది నాకిమ్మంటున్న."

షకీల్ ప్రవీణ వైపు తిరిగాడు. "అక్కా, ముందటి లెక్కనే మెల్లగ చేసి ఇయ్యి."

"నేను పాటలు బాగు చేస్త షకీల్ భాయ్. బాగైనదాన్ని చెడగొట్టుడు నాతోని గాదు."

"అట్లయితే మొదటి వైపు ఒక్కటే పెడ్త. రెండోది వద్దే వద్దు!"

"పెట్టుకో" అంది రుఖయ్యా తన ఫోన్ తీసి ప్రవీణ చేతికిస్తూ. "రెండోది నేను పెడ్త. శుక్రవారం దాంక గుడ ఆగ."

షకీల్ కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు. వెళ్లనూ లేదు, ఆపనూ లేదు. ప్రవీణ పాటను ఆమె ఫోన్‌లోకి ఎక్కించి, యూట్యూబులో పెట్టడానికి అన్నీ సిద్ధం చేసి అడిగింది.

"పేరేం రాయాలె ఖాలా?"

"రుఖయ్యా, ఝరాసంగం అని రాయి. పరదా వెనక నుంచి పాడింది అని గుడ రాయి."

ప్రవీణ రాసి ఫోన్ అందించింది. నొక్కబోయిన రుఖయ్యా వేలు ఆగింది. షకీల్ ఆశగా తలెత్తాడు.

"ఇంకొకటి మర్చిన బిడ్డా" అంది ఆమె. "హార్మోనియం అక్రం అని పెట్టు. వాయించింది మా భాయే. ఎవరిది వాళ్లకు పోవాలె."

ఆ మాట కూడా చేరాక, మేనల్లుడి మొహంలోకి చూస్తూ తన వేలితోనే నొక్కింది.