రుమాలు వేసిన కుర్చీ

జడ్జి కుర్చీ మీద పానకాలరావు చేతిరుమాలు వేశాడు కాబట్టి హైమవతి అందులో కూర్చోవడానికి వీల్లేదు. బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు పడితే ఇంకెవరూ కూర్చోరు కదా, ఈ శాసనసభలోనూ అదే పద్ధతి. ఆమెను జడ్జిగా ప్రతిపాదించారు, సభ సరేననాలి. రుమాలు ఉన్నంతకాలం ఓటింగు జరగదు. వేసిన సభ్యుడే తియ్యాలి.

కుర్చీకి ఎదురుగా బోనులో సింహాద్రి నిలబడి ఉన్నాడు. తన మేకను తానే దొంగిలించాడని కేసు. మేక సాక్షుల బెంచీ మీద కూర్చుని నెమరేస్తోంది. అయినా సరే, వదిలెయ్యమని చెప్పడానికి జడ్జి ఉండాలి. నిలబడి నిలబడి అతని కాళ్ళు చెక్కగా మారుతున్నాయి.

"నేను కూర్చోగానే నిన్ను ఇంటికి పంపిస్తాను," అంటుంది హైమవతి.

"తొందర నేదమ్మా. మోకాళ్ళ కాడికే గదా వొచ్చింది," అంటాడు. పాపం, ఆమెనే ఓదారుస్తున్నాడు!

ఆమె పానకాలరావు దగ్గరికి వెళ్తుంది. "నా మీద మీకేం కోపమండీ?"

"అయ్యో, కోపమేంటమ్మా! మీరు బంగారంలాంటి మనిషి. మా ఊరికి వంతెన ఇమ్మనండి, ఇప్పుడే తీసేస్తా."

వంతెన తెచ్చి సభలో వేస్తారు. ఆయన దాని మీద అటూ ఇటూ నడిచి చూసి, "మరి ఏరేదీ?" అంటాడు.

సభ వాయిదా పడుతుంది. ఏరు కూడా వస్తుంది. సభ్యులు కాళ్ళు పైకి మడుచుకుని కూర్చుంటారు. పానకాలరావు టీ తాగొస్తానని వంతెన ఎక్కుతాడు. అవతలి గట్టు వెనక్కి జరుగుతూ పోతుంది, దానితోపాటే ఆయనా పోతాడు. మహానుభావుడు ఇక రాడు.

చెక్క సింహాద్రి భుజాలదాకా వచ్చింది, చేతులకు చిగుళ్ళు వేశాయి. హైమవతికి ఒళ్ళు మండిపోతుంది. పద్ధతీ లేదు, పాడూ లేదు! రుమాలు లాగి పారేసి కుర్చీలో కూర్చుంటుంది.

అపచారం, అపచారమంటూ సభంతా చెవులు మూసుకుంటుంది.

"చదువుకున్నవారు, ఇంకొకరి రుమాలు తీయొచ్చా అమ్మా?" అని స్పీకరు నొచ్చుకుంటాడు. ఆమెను మర్యాదగా నడిపించుకెళ్ళి బోనులో సింహాద్రి పక్కనే నిలబెడతారు. రుమాలును దులిపి, మడతపెట్టి, మళ్ళీ కుర్చీలో ఉంచుతారు. "ఆ కుర్చీలో అనుభవం ఉన్నది దీనికే," అంటాడు స్పీకరు. బల్లలు ఒక్కసారి చరిచేలోగా సభ రుమాలునే జడ్జిగా ఖాయం చేసేస్తుంది.

"జడ్జీగారొచ్చీసినారు గదమ్మా, నాను ఇంటికెల్లిపోవచ్చా?" అంటాడు సింహాద్రి.

రుమాలు మడత విప్పుకుని, ఏటి మీదుగా ఎగిరొచ్చి, అతని కళ్ళకు గట్టిగా చుట్టుకుంటుంది. మేక బెంచీ దిగి, నీళ్ళలో నడిచొచ్చి, అతని చేతి చిగుళ్ళు తినడం మొదలుపెడుతుంది.

"మా మేక నాకుతున్నాది! ఇంటికొచ్చీసినానా అమ్మా?"

హైమవతి తన కాళ్ళ వంక చూసుకుంటుంది. పాదాలు అప్పటికే చెక్కయ్యాయి.

"వచ్చేశావు నాయనా," అంటుంది.

చిగుళ్ళు అయిపోతాయి. మేక ఇంకా నములుతూనే ఉంది, సింహాద్రి నవ్వుతూ రెండో చెయ్యి కూడా చాస్తాడు.