పాడె మీది మనిషి

కదిరమ్మ నేల తరగతిలో శెనక్కాయ పొట్టు ఊడ్చుకుంటూ తెర దాకా వచ్చింది. ఈ పూట పొట్టు చారెడు కూడా లేదు. బాగా ఆడే సినిమాకైతే రెండు గంపలు ఎత్తి పారబోసేది. పదకొండేళ్ళుగా అనంతపురంలోని ఈ హాలు ఊడుస్తున్నా, ఆమె ఏ సినిమా కోసమూ నిలబడలేదు. ఈ మూడు రోజులే మ్యాట్నీకి వాకిలి పరదా పక్కన నిలబడి చూస్తోంది.

ఆపరేటర్ బయ్యన్న మెట్లు దిగి వచ్చాడు.

“కదిరమ్మా, ఇయ్యాల మ్యాట్నీతో సరి. రీళ్ళ పెట్టె ధర్మవరం బస్సుకు పంపిస్తాండారు.”

“వారం ఆడుతాదంటివే అన్నా?”

“యాడ ఆడేది? శవాలు లేచి వస్తాంటే జనం పడీపడీ నవ్వుతాండారు. ఒగ శవానికి చేతి గడియారం గూడా ఉండాది.”

ఇంకొక్క ఆట. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

రెండేళ్ళ కిందట, చెరువులు నెర్రెలిచ్చిన ఏడు, రాప్తాడు దగ్గర ఆ సినిమా తీశారు. కరువు పనిలో మట్టి మోసేవాళ్ళలో బక్కచిక్కినవాళ్ళను ఏరుకుని మొహాలకు పిండి పూశారు. కదిరమ్మ మొగుడు నరసింహప్పను పాడె మీద పడుకోబెట్టారు. సాయంత్రం చెవుల్లో పిండితోనే ఇల్లు చేరి, “చచ్చినందుకు చిత్రాన్నం పెట్టినారే!” అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. పాడె ఎక్కిన మనిషిని గడప దాటనివ్వకుండా, ఉన్న ఒక్క బిందె నీళ్ళూ అతని నెత్తిన కుమ్మరించింది.

మరుసటి ఏడు అతను బెంగళూరు దిక్కు బావులు తవ్వడానికి పోయాడు. మట్టిపెళ్ళ విరిగి మీద పడింది. కబురు చేరేసరికి అక్కడే పూడ్చేశారు. శ్మశానం దారిలో పాడెను ఒకసారి దించి, పోయినవాడి చెవిలో మూడుసార్లు పేరు పిలుస్తారు, ప్రాణముంటే పలుకుతాడని. అతణ్ణి అలా పిలిచినవాళ్ళు లేరు. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు.

మ్యాట్నీకి ఇరవైమంది వచ్చారేమో. మూడో రీలులో పాడె వచ్చింది. నలుగురు దాన్ని దారిలో దించారు. పిండి మొహం, లోతుకు పోయిన బుగ్గలు, ఎడమ కనుబొమ మీద గాటు. పేరు పిలవాల్సినచోట పుర్రె పట్టుకున్న మాంత్రికుడొకడు ఏదేదో అరుస్తున్నాడు. మూడు రోజులుగా కదిరమ్మకు అక్కడే మనసు పీకుతోంది. అసలు పని మరిచిపోయారు సినిమావాళ్ళు.

ఆమె పరదా వదిలి తెర కిందికి నడిచింది. ఇరవై ఏళ్ళ కాపురంలో మొగుడి పేరు పలికి ఎరగదు. నాలుక తిరగలేదు.

“నరసింహప్పా!”

మరో రెండుసార్లు పిలిచింది.

పాడె మీది మనిషి లేచి కూర్చున్నాడు. హాలంతా గొల్లున నవ్వింది.

“ఏమ్మోవ్, నీ మొగుడా వాడు?” బెంచీల్లోంచి ఎవడో ఎకసెక్కెమాడాడు.

“ఊఁ,” అంది కదిరమ్మ, చూపు తిప్పకుండా. “బావిలో పోయినాడు.”

నవ్వు ఆగిపోయింది. తెర మీద అతను చేతులు చాచి నాలుగడుగులు వేసి, అంచు దాటి కనబడకుండా పోయాడు.

ఆట వదిలాక సినిమా పెట్టెను బస్సు మీదికి ఎక్కించారు. కదిరమ్మ ఎదురంగట్లో బొరుగులు కొని కొంగులో పోయించుకుంది. బస్సు కదిలింది. శవం వెంట చల్లినట్టు, వెనకాలే నడుస్తూ పిడికెడు పిడికెడు చల్లింది. మలుపు దగ్గర బస్సు తిరిగిపోయింది. ఆమె కొంగు దులుపుకుని ఇంటిదారి పట్టింది.

ఎండకు మెత్తబడిన తారు మీద బొరుగులు తెల్లగా అంటుకుని మిగిలాయి.